ఎడిటోరియల్ కింద పేరు ఎందుకు ఉండదు?

మీ ప్రశ్న చదివాను. కాలేజీ వార్షిక పత్రికకు మిమ్మల్ని విద్యార్థి సంపాదకురాలిగా వేశారు, మొదటి పేజీకి ఎడిటోరియల్ రాయమన్నారు. అది ముందుమాటా, వ్యాసమా, మీ సొంత అభిప్రాయమా అన్నది మొదటి అనుమానం. పేపర్లలో సంపాదకీయం కింద ఎవరి పేరూ ఉండదు కదా, మీరు పేరు పెట్టాలా వద్దా అన్నది రెండోది. పత్రికకు యాడ్ ఇచ్చిన కోచింగ్ సెంటర్ వాళ్లు 'మా గురించి ఒక ఎడిటోరియల్ కూడా వేయండి' అంటున్నారు, వేయవచ్చా అన్నది మూడోది. నేను చాలా ఏళ్లు తెలుగు దినపత్రికల డెస్కుల్లో, ఆ తర్వాత ఎడిట్ పేజీలో, అంటే సంపాదకీయం వచ్చే పేజీలో పనిచేశాను. నా లెక్కలో ఈ మూడూ ఒకే ప్రశ్న: ఈ మాట ఎవరిది, దానికి జవాబు చెప్పాల్సింది ఎవరు? అందుకే కాస్త పొడుగ్గా చెబుతాను.

ముందు అసలు అర్థం. పత్రిక ఒక సంస్థగా, ఫలానా విషయం మీద మా వైఖరి ఇదీ అని చెప్పే రచన ఎడిటోరియల్. తెలుగులో సంపాదకీయం. బ్రిటన్‌లో దీన్ని లీడర్ అంటారు. ఆ వాడుక మన ఇంగ్లిష్ పత్రికల్లోకి, అక్కడి నుంచి మన డెస్కుల్లోకి కూడా వచ్చింది. సంపాదకీయాలు రాసేవాళ్లను లీడర్ రైటర్లు అనడం ఇప్పటికీ ఉంది. ఆఫీసులో మాత్రం అంత పెద్ద మాటలు ఎవరూ వాడరు. 'ఇవాళ ఎడిట్ ఎవరు రాస్తున్నారు?' అంటారు, అంతే.

ఒక ప్రభుత్వాసుపత్రిలో డాక్టర్ పోస్టులు ఖాళీగా ఉన్నాయనుకోండి. ఎన్ని ఖాళీలు, ఎప్పటి నుంచి, రోగులు ఏమంటున్నారు అని రాస్తే అది వార్త. అక్కడ పనిచేసి రిటైరైన సూపరింటెండెంట్ ఈ పోస్టులు ఎందుకు నిండవో తన పేరు పెట్టి రాస్తే అది వ్యాసం. ఫలానా పని చేసి ఈ ఖాళీలు నింపాలని పత్రికే అడిగితే అది సంపాదకీయం. మూడింటిలోనూ సమాచారం ఒకటే కావచ్చు. మొదటిదాంట్లో పత్రిక జరిగింది చెబుతోంది, రెండోదాంట్లో ఒక మనిషికి చోటిచ్చింది, మూడోదాంట్లో తానే ఒక పక్షాన నిలబడింది.

ఎడిట్ పేజీలో ఉన్నదంతా సంపాదకీయం కాదు. చాలామంది తడబడేది ఇక్కడే. మామూలుగా పేజీకి ఎడమ వైపు, పత్రిక పేరు చిన్నగా వేసి, దాని కింద పేరు లేకుండా ఉండేదే సంపాదకీయం. పక్కన పేర్లతో, ఫొటోలతో ఉండేవి వ్యాసాలు, కాలమ్‌లు. వాటిలోని అభిప్రాయాలు ఆ రచయితలవి. గ్రూప్స్‌కి చదివే పిల్లలు తమ వ్యాసాల్లో 'ఫలానా పత్రిక ఇలా అభిప్రాయపడింది' అని రాస్తారు. తీరా చూస్తే అది ఎవరో ప్రొఫెసర్ గారు రాసిన వ్యాసం. పత్రిక ఆయనతో ఏకీభవించి ఉండకపోవచ్చు కూడా.

ఆప్-ఎడ్ అనే మాటకు కూడా 'ఒపీనియన్ ఎడిటోరియల్' అని అర్థం చెప్పేవాళ్లు ఉన్నారు. అది తప్పు. 'ఆపోజిట్ ది ఎడిటోరియల్ పేజ్', అంటే ఎడిటోరియల్ పేజీకి ఎదురుగా ఉండే పేజీ అని దాని అర్థం. న్యూయార్క్ టైమ్స్ 1970 సెప్టెంబరు 21న ఆ పేరుతో పేజీ మొదలుపెట్టింది. పత్రికలో పనిచేయని బయటివాళ్లు, పత్రిక వైఖరికి పూర్తిగా ఎదురు తిరిగేవాళ్లు కూడా రాయడానికి ఒక చోటు కావాలన్నది ఆలోచన. తెరమీద చదివే కాలంలో ఎదురు పేజీ అంటూ ఏముంటుంది? 2021లో వాళ్లే ఆ మాట తీసేసి 'గెస్ట్ ఎస్సే' అని పెట్టుకున్నారు. మన తెలుగు పత్రికల్లో మాత్రం ఎడిట్ పేజీ, ఆప్-ఎడ్ పేజీ అనే మాటలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి.

ఇప్పుడు పేరు సంగతి. సంపాదకీయం ఎడిటరే రాస్తారని బయట చాలామంది అనుకుంటారు. కొందరు ఎడిటర్లు నిజంగానే రోజూ రాసేవారు. పెద్ద పత్రికల్లో అది ఒకరిద్దరు లీడర్ రైటర్ల పని. మధ్యాహ్నం ఎడిటర్ దగ్గర కూర్చుని ఆనాటి విషయం ఏది, ఏ వైపు నిలబడదాం అని మాట్లాడుకుంటారు. ఒకరు రాస్తారు. ఎడిటర్ చూసి రెండు వాక్యాలు కొట్టేస్తారు, ఒకటి కలుపుతారు. సాయంత్రం ఏడింటికి సుప్రీంకోర్టు తీర్పు మీదో, ఎవరో పెద్దాయన మరణం మీదో వార్త వస్తే రాసిందంతా పక్కనపెట్టి మళ్లీ మొదలు. తన మనసుకు ఏమాత్రం పడని వైఖరి మీద రాయాల్సి వస్తే లీడర్ రైటర్ ఆ రోజుకి తప్పుకుని ఇంకొకరికి ఇవ్వమంటాడు. మంచి ఎడిటర్లు బలవంతపెట్టరు. ఇంతమంది చేతులు పడిన రచన కింద ఒక్కరి పేరు వేస్తే అదే అబద్ధమవుతుంది. పేరు లేకపోవడం దాపరికం కాదు, ఆ మాట సంస్థది అని చెప్పడం.

ఇంకో చిన్న విషయం గమనించండి. తెలుగు సంపాదకీయంలో 'నేను' ఎలాగూ ఉండదు, 'మేము' కూడా చాలా అరుదు. 'అనక తప్పదు', 'హర్షణీయం', 'ఆక్షేపణీయం' అంటూ కర్త లేకుండానే వాక్యాలు సాగిపోతాయి. కొత్తగా రాసేవాళ్లకు ఇది చాలా సుఖంగా అనిపిస్తుంది. ఎవరు హర్షిస్తున్నారో, ఎందుకు హర్షిస్తున్నారో చెప్పే పని తప్పుతుంది కాబట్టి.

పేరు లేని రచనల్లో ప్రపంచమంతా ఎక్కువగా గుర్తుపెట్టుకున్నది 1897లో న్యూయార్క్ సన్ పత్రికలో వచ్చింది. ఎనిమిదేళ్ల పాప, శాంటాక్లాజ్ నిజంగా ఉన్నాడా అని పత్రికకు ఉత్తరం రాస్తే, ఉన్నాడమ్మా అంటూ సంపాదకీయంలోనే జవాబిచ్చారు. రాసింది ఫ్రాన్సిస్ చర్చ్ అనే లీడర్ రైటర్. ఆయన పేరు పాఠకులకు తెలిసింది 1906లో ఆయన చనిపోయాకే. ఆ జవాబును ఇన్నేళ్లూ జనం 'సన్ పత్రిక చెప్పింది' అనే తలుచుకున్నారు.

పేరు లేదు కదా అని బాధ్యత లేకుండా పోదు. ఏ దినపత్రికయినా తీసుకుని, మూలన సన్నటి అక్షరాల్లో ఉండే ఇంప్రింట్ లైన్ చూడండి. ముద్రించినది ఎవరు, ప్రచురించినది ఎవరు, ఎడిటర్ ఎవరు అని ఉంటుంది. ఆ పేరు ముచ్చటకు వేసుకున్నది కాదు, చట్టం వేయించింది. 1867 నాటి ప్రెస్ అండ్ రిజిస్ట్రేషన్ ఆఫ్ బుక్స్ చట్టం ఎడిటర్ అంటే పత్రికలో అచ్చయ్యే విషయాల ఎంపిక ఎవరి చేతిలో ఉందో ఆ వ్యక్తి అని చెప్పింది. ఆ చట్టం స్థానంలో 2023లో చేసిన కొత్త చట్టం 2024 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చింది గానీ, ఎడిటర్ అంటే ఎంపిక చేసేవాడు అన్న మాట మారలేదు. పరువునష్టం కేసు వేయాలంటే, సంపాదకీయం ఎవరు రాశారో కనిపెట్టాల్సిన అవసరం ఫిర్యాదుదారుకు ఉండదు. ఇంప్రింట్ లైన్లో పేరు రెడీగా ఉంటుంది.

మన దేశంలో ఈ బాధ్యత ఎంత బరువైనదో చూడాలంటే పాత కేసులు చదవాలి. 1908లో గాడిచర్ల హరిసర్వోత్తమరావు బెజవాడ నుంచి స్వరాజ్య వారపత్రిక నడుపుతున్నారు. తిరునల్వేలి కాల్పుల మీద ఆ పత్రికలో బ్రిటిష్ ప్రభుత్వాన్ని కడిగేస్తూ రాసినందుకు రాజద్రోహం కేసు పెట్టి మూడేళ్లు జైల్లో వేశారు. అదే ఏడాది పుణెలో కేసరి పత్రిక రాతలకు తిలక్‌కు ఆరేళ్ల శిక్ష వేసి బర్మాలోని మాండలే జైలుకు పంపారు. 1922లో యంగ్ ఇండియాలో వచ్చిన మూడు వ్యాసాల మీద అహ్మదాబాద్‌లో కేసు నడిచింది. ముద్దాయిలు ఇద్దరు. ఎడిటర్‌గా గాంధీ, ముద్రాపకుడు, ప్రచురణకర్తగా శంకర్‌లాల్ బ్యాంకర్. గాంధీకి ఆరేళ్లు, బ్యాంకర్‌కు ఏడాది పడింది. బ్యాంకర్ ఆ వ్యాసాల్లో ఒక్క అక్షరం రాయలేదు. అచ్చువేసినందుకు శిక్ష.

హైదరాబాద్‌లో జైలుతో ఆగలేదు. ఇమ్రోజ్ అనే ఉర్దూ దినపత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్, సంస్థానం భారత యూనియన్‌లో కలవాలని రాసేవాడు, రజాకార్లను విమర్శించేవాడు. ముప్పై ఏళ్లయినా నిండలేదు. 1948 ఆగస్టులో ఒక రాత్రి పత్రిక పని ముగించుకుని ఇంటికి వెళ్తుంటే దారి కాచి కాల్చారు. చేయి నరికారు. ఆ మరుసటి నెలలోనే పోలీసు చర్య జరిగింది.

రాయకుండా రాసిన సంపాదకీయం కూడా ఒకటుంది. 1975 జూన్‌లో ఎమర్జెన్సీ పెట్టి సెన్సార్‌షిప్ విధించినప్పుడు, జూన్ 28న ఇండియన్ ఎక్స్‌ప్రెస్ సంపాదకీయం చోటును తెల్లగా వదిలేసింది. సెన్సార్ వాళ్లకు కొట్టేయడానికి ఒక్క వాక్యం దొరకలేదు, పాఠకులకు మాత్రం అర్థమైపోయింది. తర్వాత వచ్చిన సెన్సార్ నిబంధనల్లో ఖాళీగా వదలడం కూడా నిషేధమని చేర్చారు. మామూలు పేజీలో ఖాళీ ఉంటే అచ్చుతప్పు అనుకుంటారు. ఆ చోటులో ఖాళీ ఉంటే పత్రిక ఏదో చెబుతోందనుకున్నారు. ఆ నాలుగు అంగుళాలకు ఉన్న విలువ అది.

ఇక సంస్థ మాట అన్నప్పుడు సంస్థ ఎవరు అన్న ఇబ్బందికరమైన ప్రశ్న వస్తుంది. 2024 అక్టోబరులో వాషింగ్టన్ పోస్ట్ అధ్యక్ష ఎన్నికల్లో ఎవరికీ మద్దతు ప్రకటించబోమని చెప్పింది. కమలా హారిస్‌కు మద్దతుగా ఎడిటోరియల్ బోర్డు, అంటే పత్రిక వైఖరి తేల్చే బృందం, ముసాయిదా తయారుచేశాక, యజమాని జెఫ్ బెజోస్ నిర్ణయంతో అది ఆగిపోయింది. రెండు లక్షల మందికి పైగా చందాలు రద్దు చేసుకున్నారని వార్తలు వచ్చాయి. అక్కడ అంత గొడవ కావడానికి కారణం, యజమాని వేరు, ఎడిటోరియల్ బోర్డు వేరు అని పాఠకులు నమ్మడమే. మన దగ్గర అంత గొడవ జరగదు. తెలుగులో పత్రిక ఎవరిదో, ఏ పార్టీ వైపో పాఠకుడికి ముందే తెలుసు. ఆ లెక్క కలుపుకునే చదువుతాడు. దీన్ని కొందరు పాఠకుడి తెలివి అంటారు. నాకైతే అది పత్రికల నష్టంగానే కనిపిస్తుంది. ఏం రాస్తారో చదవకుండానే తెలిసిపోయే సంపాదకీయాన్ని చదవడం దేనికి?

మీ కోచింగ్ సెంటర్ ప్రశ్న దగ్గరికి వస్తున్నాను. ఎడిటోరియల్ అనే మాటకు ఇంకో వాడుక ఉంది, అది విశేషణంగా. ఎడిటోరియల్ టీమ్, ఎడిటోరియల్ డిపార్ట్‌మెంట్, ఎడిటోరియల్ కంటెంట్ అంటున్నప్పుడు అభిప్రాయం అనే అర్థమే లేదు. పత్రికలో రెండు రకాల స్థలం ఉంటుంది. డబ్బు తీసుకుని అమ్మేది ఒకటి, సంపాదకవర్గం ఎంచి నింపేది ఇంకొకటి. ఆ రెండో స్థలమంతా, అంటే వార్తలు, ఫొటోలు, సినిమా పేజీ, వంటల పేజీ కూడా ఎడిటోరియల్ కిందికే వస్తుంది. యాడ్ ఏజెన్సీ వాళ్లు 'యాడ్ ఇస్తాం, ఎడిటోరియల్ సపోర్ట్ ఇస్తారా?' అని అడిగేది ఇదే. వాళ్లకు కావాల్సింది సంపాదకీయం కాదు. యాడ్ అని కనబడకుండా, పత్రికే మెచ్చుకుని రాసినట్టు కనబడే ఐటమ్ కావాలి.

ఫొటోలు అమ్మే వెబ్‌సైట్లలో 'ఎడిటోరియల్ యూజ్ ఓన్లీ' అని కొన్ని బొమ్మల కింద ఉంటుంది. దాన్ని వార్తకో వ్యాసానికో వాడుకోవచ్చు, ప్రకటనలో వాడకూడదు అని. అందులోని మనుషుల దగ్గర ప్రకటనలకు వాడుకునే అనుమతి తీసుకోలేదన్న మాట. మీ పత్రిక కవర్ వెనక యాడ్‌కు అలాంటి ఫొటో పెట్టకండి. ఫ్యాషన్ వాళ్లు ఎడిటోరియల్ షూట్ అంటే పత్రిక పేజీల కోసం తీసిన ఫొటోల వరుస, బట్టల కంపెనీ కేటలాగ్ కోసం తీసింది కాదు. ఇంజినీరింగ్ పిల్లలు మాత్రం ఈ మాటను వేరే చోటికి లాక్కుపోయారు. కోడ్‌ఫోర్సెస్, కోడ్‌షెఫ్ లాంటి వెబ్‌సైట్లలో ప్రోగ్రామింగ్ పోటీలు అయ్యాక లెక్కను ఎలా సాధించాలో వివరిస్తూ పెట్టేదాన్ని ఎడిటోరియల్ అంటారు. మా అబ్బాయి ఒక రాత్రి 'ఎడిటోరియల్ ఇంకా రాలేదు' అని విసుక్కుంటుంటే, ఏ పేపర్‌ది అని అడిగాను. వాడి నవ్వు ఇప్పటికీ ఆగలేదు.

కాబట్టి కోచింగ్ సెంటర్ వాళ్లు అడుగుతున్నది డబ్బు స్థలంలో ఉండాల్సినదాన్ని మీ స్థలంలో పెట్టమని. వ్యాసంలా కనిపించే ప్రకటనను అడ్వర్టోరియల్ అంటారు. అది వేయడం తప్పు కాదు, పైన 'ప్రకటన' అని చదవగలిగే సైజులో వేస్తే. ప్రకటన ఏదో, వార్త ఏదో పాఠకుడికి స్పష్టంగా తెలియాలని, పత్రికల మీద ఫిర్యాదులు వినే ప్రెస్ కౌన్సిల్ ప్రవర్తనా నియమాలు కూడా చెబుతాయి. ఇది చిన్న విషయం అనిపిస్తే 2009 ఎన్నికల తర్వాత ఏం జరిగిందో చదవండి. అభ్యర్థుల దగ్గర డబ్బు తీసుకుని వార్తల్లా అచ్చేసిన 'పెయిడ్ న్యూస్' మీద ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యుల ఉపసంఘం వేసింది. పరంజయ్ గుహా ఠాకుర్తా ఒకరు, మన తెలుగు జర్నలిస్టు కె. శ్రీనివాస్ రెడ్డి ఒకరు. 2010లో వాళ్లు ఇచ్చిన నివేదికలో పత్రికల పేర్లతో సహా ఉన్నాయి. కౌన్సిల్ మొదట దాన్ని కుదించి చిన్న నివేదికే బయటపెట్టింది. పూర్తి నివేదిక 2011లో సమాచార కమిషన్ ఆదేశం తర్వాతే జనానికి దొరికింది. మీ కోచింగ్ సెంటర్ వాళ్లకు మర్యాదగా చెప్పండి: పూర్తి పేజీ యాడ్ తీసుకోండి సార్, మీ మ్యాటర్ మీరే రాసుకోండి, పైన ప్రకటన అని ఉంటుంది. ప్రిన్సిపాల్ ఒత్తిడి చేసినా సంపాదకీయం పేజీలో మాత్రం వాళ్ల పేరు రానివ్వకండి. కృతజ్ఞతలకు లోపల వేరే పేజీ ఉంటుంది కదా.

రాయడం గురించి. తెలుగులో సంపాదకీయానికి రెండు పెద్ద బాణీలు ఉన్నాయి. ఒకటి మచిలీపట్నం కృష్ణా పత్రికలో ముట్నూరి కృష్ణారావుది. 1907 నుంచి 1945లో కన్నుమూసే దాకా ఆయనే సంపాదకుడు. భావుకత, తాత్వికత, కావ్యం లాంటి తెలుగు. దాన్ని చదవడానికే పత్రిక కొనేవాళ్లు ఉండేవారు. ఇంకొకటి నార్ల వెంకటేశ్వరరావుది, మొదట ఆంధ్రప్రభలో, 1960 నుంచి ఆంధ్రజ్యోతిలో. పొట్టి వాక్యం, వాడుక మాట, మొహమాటం లేని తర్కం. మీరు ఏ బాణీ పట్టుకోవాలో నన్నడిగితే నార్లదే అంటాను. ముట్నూరిని అనుకరించినవాళ్లలో చాలామందికి ఆయన సమాసాలు వచ్చాయి గానీ ఆయన ఆలోచన రాలేదు.

ఎలా రాసినా సంపాదకీయానికి ఒక అడిగే మాట ఉండాలి. ఎవరిని, ఏం చేయమని అడుగుతున్నారు? ఇది తేలకుండా పెన్ను పట్టుకుంటే చివర 'ఇప్పటికైనా పాలకులు కళ్లు తెరవాలి', 'తక్షణమే తగు చర్యలు చేపట్టాలి' దగ్గర తేలుతారు. ఎవరు, ఏ చర్య, ఎప్పటిలోగా? ఇవి లేని ముగింపు డెస్కులో నా దగ్గరికి వస్తే వెనక్కి పంపేవాణ్ని. రెండో జబ్బు, దగ్గరివాళ్లను అనలేక దూరం వాళ్లను తిట్టడం. దీనికి అమెరికా పత్రికలవాళ్లు ఎప్పుడో 'అఫ్గానిస్తానిజం' అని పేరు పెట్టారు. ఊళ్లో మున్సిపాలిటీని ఏమీ అనరు, ఎక్కడో ఖండాంతరాల్లో ఉన్న ప్రభుత్వానికి మాత్రం గట్టి హెచ్చరికలు చేస్తారు. కాలేజీ పత్రికల్లో దీని రూపం 'నేటి యువత - సెల్‌ఫోన్ వ్యామోహం'. ఎవరికీ కోపం రాదు, ఎవరూ చదవరు. మీ లైబ్రరీ సాయంత్రం ఐదింటికే మూసేస్తున్నారా? హాస్టల్ అమ్మాయిలు చదువుకోవడానికి చోటు లేదా? అది రాయండి. ఎన్ని గంటలకు మూస్తున్నారు, ఎందుకు మూస్తున్నామంటున్నారు, సిబ్బంది కొరతా, కరెంటు బిల్లా కనుక్కుని రాయండి. లైబ్రేరియన్ గారి మాట కూడా అడగండి, ఆమె వైపు న్యాయం ఉంటే అదీ చెప్పండి. ఆ తర్వాత పరీక్షల నెలలోనైనా రాత్రి ఎనిమిది దాకా తెరవమని అడగండి. మూడు వందల మాటలు చాలు.

ఈ సంచికలో ఫలానా కథలు, ఫలానా కవితలు ఉన్నాయని చెప్పాలనుంటే అది 'ఈ సంచికలో' అని వేరే పెట్టండి. పత్రికలు, ముఖ్యంగా సాహిత్య పత్రికలు సంపాదకీయాన్నీ దాన్నీ కలిపి రాయడం మామూలే, తప్పేమీ కాదు. కలిపితే మాత్రం సంచిక పరిచయం సంపాదకీయాన్ని మింగేస్తుంది.

చివరిగా పేరు. మీ సంపాదక మండలిలో నలుగురైదుగురు ఉంటారు కదా, రాసిన ముసాయిదా అందరికీ చదివి వినిపించండి. అందరూ ఒప్పుకుంటే కింద ఎవరి పేరూ వేయకండి; లోపలి అట్ట మీద మండలి పేర్లన్నీ ఎలాగూ ఉంటాయి. ఒప్పుకోకపోతే, అది మీ ఒక్కరి అభిప్రాయమే అయితే, పేరు పెట్టి పక్క పేజీలో వ్యాసంగా వేసుకోండి. ఫ్యాకల్టీ ఎడిటర్‌గా ఉన్న లెక్చరర్ గారికి అచ్చుకు వెళ్లే ముందు తప్పకుండా చూపించండి, ఎవరైనా అడిగితే ముందు జవాబు చెప్పాల్సింది ఆయనే. లైబ్రరీ విషయం రాస్తే ప్రిన్సిపాల్ ఏమన్నారో ఇక్కడ రాయండి. ముసాయిదా పెడితే చూసి చెబుతాను.